వంతెనకు ఇవతలి ఇల్లు

“అద్దె మాట మళ్లీ ఎత్తొద్దమ్మాయ్! నిన్నటి నుంచీ అదే పాట!” అంటూ బావగారు కప్పు బల్లమీద పెట్టిన ఊపుకి సగం కాఫీ సాసర్లోకి దూకింది.

చిన్నడాక్టరు తొణకలేదు. పిల్లల ఆసుపత్రిలో నర్సులు పెట్టిన ఆ పేరే ఇంట్లోనూ స్థిరపడిపోయింది. ఒళ్లో కూర్చున్న కూతురి నోట్లో రొట్టెముక్క పెట్టి, తీరిగ్గా అంది.

“ఎత్తకపోతే ఎలా బావగారూ? మహానగరంలో దిగగానే మనల్ని మొదట పలకరించేదే అద్దె.”

“జీతం ఒకటిన్నర రెట్లు! ఆ ముక్క ఎందుకు పలకవు?”

“అద్దె మూడు రెట్లు. పాపని పగలు చూసుకునే చోట రెండు రెట్లు. రైలు పాసు సరేసరి. ఇక్కడ అసలు రైలెక్కే పనే లేదు.”

“పాపకి వేరే చోటెందుకూ? నేను చచ్చానా?” అంది అత్తగారు వంటగదిలోంచి.

“మీరు నూరేళ్లుంటారు అత్తయ్యా. కానీ బావగారి ఇల్లు అయిదో అంతస్తు. లిఫ్టు లేదు. మీ మోకాళ్లు...”

“నా మోకాళ్లని మధ్యలోకి లాగకే తల్లీ! అవి నన్నేమీ అడగలేదు, నిన్నూ అడగలేదు.”

బావగారికి నవ్వొచ్చింది గాని మింగేశారు. మహానగరంలోని పెద్దాసుపత్రి నుంచి తమ్ముడి భార్యకి పిలుపొచ్చిందని తెలిసిన మర్నాడే ఆయన పెట్టె పట్టుకుని దిగిపోయారు. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే పట్టు. మీరందరూ వచ్చేయండి, మా ఫ్లాట్లోనే ఉందురుగాని, అద్దె చెరిసగం. ఆసుపత్రివాళ్లకి ఇవాళ సాయంత్రంలోగా జవాబివ్వాలి.

“సరే, అక్కడ ఏమీ మిగలదనుకో,” అన్నారాయన ముందుకు వంగి. “ఇక్కడ ఏం మిగులుతోందమ్మా? చెప్పు.”

చిన్నడాక్టరు పాప మూతి తుడవడంలో మునిగిపోయినట్టు నటించింది. ఆ దెబ్బ సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది.

ఈ రేవు ఊళ్లో బతుకు చవకని అందరూ అంటారు. ఆసుపత్రి ఉన్న ఒడ్డున మాత్రం చవక కాదు. సముద్రం కనపడే ప్రతి కిటికీకీ అద్దె పెరిగిపోయింది. అందుకే కుర్ర డాక్టర్లందరూ వంతెన దాటి అవతలి ఒడ్డున ఉంటారు. రెండు బస్సులు మారి వస్తారు. శనివారాలు వేరే క్లినిక్కుల్లో కూర్చుంటారు. అంత చేసినా ఈ ఇంట్లో పాప పాలకి డబ్బు వచ్చేది కింద భర్త నడిపే వయొలిన్ల మరమ్మతు కొట్టు నుంచే.

“పేరు గొప్ప, ఊరు దిబ్బ అని ఊరికే అనలేదు,” అందామె చివరికి. “అక్కడ నలభైమంది కుర్ర డాక్టర్లు. పెద్దవాళ్ల వెనక కాగితాలు మోసుకుంటూ తిరగడమే పని. ఇక్కడ నా చేతుల్లో పిల్లలు బతుకుతున్నారు బావగారూ.”

“దానికి జీతమెంతిస్తారు?” అని అడిగారు బావగారు.

ఆమె భర్తవైపు తిరిగింది. ఆయన బల్ల చివర కూర్చుని, ఎవరి ఇంటి గొడవో వింటున్నట్టు రొట్టె తుంపుతున్నాడు. మూడు రోజులుగా ఇంతే. ఎవరేమన్నా బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటాడు.

“నువ్వేమంటావ్?”

“నీ ఇష్టం.”

తిట్టినా ఇంత మండేది కాదు.

ఆయన లేచి కిందికి వెళ్లిపోయాడు. పాపని అత్తగారికి అందించి ఆమె వెనకే దిగింది. కొట్టు నిండా వార్నిషు వాసన. గోడకి వేలాడుతున్న వయొలిన్లలో సగానికి తీగలే లేవు. ఆయన ఒక విరిగిన మెడకి జిగురు పూస్తూ తల ఎత్తలేదు.

“నీ ఇష్టం అంటే ఏంటి అర్థం?”

“నీ ఇష్టమనే.”

“నాకిష్టమైతే మహానగరానికి పోదామా? ఈ కొట్టు మూసేస్తావా?”

బిగింపు మర తిప్పుతున్న చెయ్యి ఆగింది. మళ్లీ తిరిగింది.

“ఆరేలోపు కదపకూడదు,” అన్నాడు. జిగురు గురించే అన్నాడో, మరి దేని గురించో!

“నీతో కాపురం చెయ్యడం కంటే గోడతో చెయ్యడం నయం. గోడ కనీసం ప్రతిధ్వనిస్తుంది,” అని తలుపు విసిరి వెళ్లిపోయింది. ఆ అదురుకి గోడమీద తీగలున్న వయొలిన్లన్నీ ఒక్కసారి మూలిగాయి.

బస్సు వంతెన దగ్గర ఆగిపోయింది. ఎర్రదీపం వెలిగింది. రోడ్డు నడిమికి చీలి రెండు ముక్కలూ ఆకాశంలోకి లేచాయి. వాటి మధ్యనుంచి ఓ సరుకుల ఓడ, పెళ్లికి ఆలస్యంగా వచ్చినా తొందరపడని పెద్దమనిషిలా, నింపాదిగా కదులుతోంది.

పోయిన వారం ఇక్కడే, ఇలాగే ఆగిపోయింది. ఆ ఉదయం ఆసుపత్రిలో ఓ పసిపాప ఊపిరాడక నీలంగా మారింది. డ్యూటీలో ఉన్న ఒక్క డాక్టరూ మరో గదిలో ఆపరేషన్లో ఉంది. ఇంటి నుంచి పిలిపించిన చిన్నడాక్టరు బస్సులో ఇరుక్కుంది. ఫోను చెవికి ఆనించుకుని నర్సుకి మాట మాట చెబుతూ, ఓడని చూస్తూ పళ్లు నూరుకుంది. పాప బతికింది.

ఇవాళ్టి ఓడ దాటేలోపు ఆమెకి ఒక సంగతి తట్టింది. ఇన్ని రోజులుగా ఇంటిల్లిపాదీ ఈ ఊరా ఆ ఊరా అని కొట్టుకుంటున్నారు. అక్కడికెళ్తే మిగలదు, ఇక్కడుంటే చాలదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ గొయ్యి పూడ్చమని మాత్రం ఎవరూ ఎవర్నీ అడగలేదు.

ఆసుపత్రి బట్టలుతికే గది వెనక ఒక రెండంతస్తుల భవనం ఉంది. ఒకప్పుడు నర్సుల వసతిగృహం. నర్సులకి కొత్తది కట్టాక దీనికి తాళం పడింది. కిందటి నెలలో వార్డులో మంచం తక్కువైతే, విరిగిన మంచాల్లోంచి ఒకటి ఏరుకోవడానికి చిన్నడాక్టరు లోపలికి వెళ్లింది. దుమ్ము. తుప్పు. పైకప్పు మీద ఒక మూల తడి. గోడలు మాత్రం రాయిలా ఉన్నాయి. ప్రతి గదికీ నీళ్ల కుళాయి ఉంది.

వంతెన దిగింది. బస్సు కదిలింది.

సూపరింటెండెంటుని ఆసుపత్రిలో అందరూ ఉరుములావిడ అంటారు. ఆవిడ గది ముందు నిలబడి తలుపు తట్టడానికి పాత సర్జన్లే రెండుసార్లు ఆలోచిస్తారు. చిన్నడాక్టరు ఒక్కసారే ఆలోచించింది. రెండోసారి ఆలోచిస్తే తిరిగి వెళ్లిపోతానని ఆమెకి తెలుసు.

“రాజీనామానా?” అంది ఆవిడ తల ఎత్తకుండానే. “ఆ బల్లమీద పెట్టు. ఈ ఏడాదిలో నువ్వు నాలుగోదానివి.”

“రాజీనామా కాదు మేడమ్. అడగడానికొచ్చాను.”

“జీతం పెంచమనేగా? నా చేతుల్లో లేదు.”

“జీతం కాదు. ఇల్లు.”

ఆవిడ కళ్లజోడు తీసింది.

చిన్నడాక్టరు గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. పాత వసతిగృహం తెరిపించండి. కుర్ర డాక్టర్లం అందులో ఉంటాం. ఊరికే వద్దు, అవతలి ఒడ్డున ఎంత అద్దె కడుతున్నామో అందులో సగం ఇక్కడ కడతాం. దాంతో పైకప్పు బాగుచేయించుకోవచ్చు. రెండు బస్సుల ఖర్చూ, బయట క్లినిక్కుల్లో అరిగే శనివారాలూ మాకు మిగులుతాయి. పిలిచిన నిమిషంలో డాక్టరు వార్డులో ఉంటుంది.

ఉరుములావిడ కళ్లజోడు మళ్లీ పెట్టుకుని లేచింది.

“పాలకమండలి పైన కూర్చునే ఉంది,” అంది. “పద.”

“నేనా? ఇప్పుడా? మేడమ్, నా కోటుమీద పాలు కక్కిన మరకలున్నాయి.”

“ఉండనీ. వాళ్లు నడిపేది పిల్లల ఆసుపత్రి అని గుర్తొస్తుంది.”

పొడవాటి బల్ల చుట్టూ పెద్దమనుషులు కూర్చున్నారు. నడిమధ్య అధ్యక్షుడు. మాటిమాటికీ వినికిడి మిషను సర్దుకునే ముసలాయన. ఆయన పక్కన ఓడల వ్యాపారి. ఆసుపత్రికి విరాళాలిచ్చేవాళ్లలో మొదటివాడు, ఖర్చు అనే మాట వింటే మొదట ముఖం చిట్లించేవాడూ ఆయనే.

చిన్నడాక్టరు చెప్పింది. కింద చెప్పినంత బాగా చెప్పలేకపోయింది.

“అమ్మా,” అన్నాడు ఓడల వ్యాపారి, మర్యాదగానే. “మహానగరంలో నీకు ఇంతకంటే బాగా ఇస్తామంటున్నారట. వెళ్లకుండా మా మీద ఎందుకు పడ్డావ్?”

“లెక్క చూశానండీ. అక్కడ సగం జీతం ఇంటి యజమానికి. మిగిలినదాంట్లో సగం రైలుకీ, పాపని చూసేవాళ్లకీ. నా బిడ్డని చూసుకోవడానికి ఇంకొకరికి డబ్బిచ్చి, రైల్లో నిలబడి వెళ్లి, ఇంకెవరి బిడ్డనో చూసి, ఇంటికొచ్చేసరికి మా పాప నిద్రపోతుంది. ఒకటిన్నర రెట్లు జీతం చిల్లు కుండలో పోసినట్టే.”

“అయితే ఇక్కడే ఉండు! ఈ ఆసుపత్రి అంటే అంత ప్రేమ ఉన్నప్పుడు...”

“ప్రేమ ఉంది కాబట్టే ఇన్నాళ్లు ఉన్నానండీ. ప్రేమ చూపిస్తే బస్సులో టికెట్టు మాఫీ చెయ్యరు కదా.”

బల్ల చివర ఎవరో కిసుక్కుమన్నారు. వ్యాపారి నవ్వలేదు.

“ఆ భవనం పైకప్పు కారుతుంది. ఇవాళ పైకప్పు అంటారు, రేపు గోడలంటారు. వంతెన అవతల ఇళ్లు చవకే కదా, అరగంట దూరం. ఆ అరగంటకి ఇంత హంగామానా?”

ఆమె బల్ల దగ్గరికి ఒక అడుగు వేసింది.

“అరగంట కాదండీ. వంతెన లేస్తే గంట. పోయిన వారం లేచింది. ఇక్కడ ఓ పాప ఊపిరాడక నీలంగా మారిపోతోంది. నేను బస్సులో ఉన్నాను. ఫోన్లో నర్సమ్మకి చెబుతున్నాను. గొట్టం ఇలా పట్టుకో, తల కాస్త ఎత్తు, భయపడకు అని. ఎదురుగా మీ ఓడ వెళ్తోంది.”

బల్ల చుట్టూ తలలన్నీ వ్యాపారివైపు తిరిగాయి.

“ఏ ఓడ?” అన్నాడు వ్యాపారి. అలవాటుకొద్దీ వచ్చేసిన ప్రశ్న అది.

“పేరు చూడలేదండీ. దానిమీద మీ కంపెనీ గుర్తు కనపడింది. ఆపైన నా ధ్యాసంతా ఫోన్లో నర్సమ్మ మాటమీదే.”

“పాప...?”

“బతికింది. నర్సమ్మ చెయ్యి మంచిది కాబట్టి బతికింది. మరోసారి బతుకుతుందని నేను మాటివ్వలేను. మీరివ్వగలరా?”

ముసలి అధ్యక్షుడు వినికిడి మిషను చెవిలోకి ఇంకాస్త నొక్కుకున్నాడు. “ఆఖరి మాట మళ్లీ చెప్పమ్మా,” అన్నాడు. ఆయనకి వినపడిందని అందరికీ తెలుసు. అయినా ఆమె మళ్లీ చెప్పింది. ఈసారి ఒక్కో మాటా గది నాలుగు మూలలకీ వెళ్లి వచ్చింది.

ఓడల వ్యాపారి ముందున్న కాగితాలు పక్కకి జరిపాడు.

“పైకప్పు నా ఖర్చు,” అన్నాడు. “అద్దె డబ్బు తీసుకెళ్లి పిల్లల మందుల్లో వేసుకోండి. ఒక్క షరతు. వాళ్లు రెండేళ్లు కదలకూడదు.”

“మూడేళ్లు రాసుకోండి,” అంది చిన్నడాక్టరు.

అధ్యక్షుడు చెయ్యెత్తాడు. ఒకటి వెనక ఒకటిగా బల్ల చుట్టూ చేతులు లేచాయి. వద్దన్నవాడు ఒక్కడూ లేడు.

తలుపు బయటికి రాగానే ఆమె గోడకి జారగిలబడింది. ఉరుములావిడ పక్కనే నిలబడి, ఎవరూ చూడకుండా చిటికెడు నవ్వు నవ్వింది.

“ఈ మాటే నేను ఎన్నేళ్లుగానో చెబుతున్నాను. నాది ఉరుమంటారు కదా. ఉరిమితే తలుపులేసుకుంటారు. నీది వాన. లోపలికి రానిచ్చారు. పో, వార్డులో పని లేదా?”

మధ్యాహ్నానికల్లా కబురు ఆసుపత్రంతా పాకింది. రాజీనామా జేబులో పెట్టుకు తిరుగుతున్న ఓ కుర్ర డాక్టరు దాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాడు. మెట్లమీద ఎదురైన ఆ నర్సమ్మ చిన్నడాక్టరుని కౌగిలించుకుని, తన దారిన తను వెళ్లిపోయింది.

ఇంటికి చేరేసరికి ఇంకా ఎండ వాలలేదు. ఈసారి వంతెన కూడా అడ్డం పడలేదు. ఆమె మెట్లు ఎక్కుతూనే చెప్పడం మొదలుపెట్టింది. పైకి చేరేసరికి సగం అయిపోయింది. కింద కొట్టులోంచి భర్త, చేతికి జిగురుతోనే, వెనకాల ఎక్కి వచ్చాడు.

“ఎన్నో అంతస్తు?” అంది అత్తగారు అంతా విని.

“కిందిదే అత్తయ్యా. ముందు రెండు గదులు మనకి. మెట్లు మూడే.”

అత్తగారు మోకాళ్లు ఒకసారి నిమురుకుంది.

“నేను మొదటినుంచీ అంటూనే ఉన్నాను, దూరపు కొండలు నునుపని,” అంది గంభీరంగా.

ఆవిడ ఎప్పుడన్నదో ఎవరికీ గుర్తు లేదు. ఎవరూ కాదనలేదు. పాప మాత్రం చప్పట్లు కొట్టింది.

భర్త ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. చిన్నడాక్టరు ఆయన్ని చూసింది.

“ఇప్పుడైనా నోరు విప్పుతావా, లేక ఇదీ నా ఇష్టమేనా?”

“వెళ్దామంటే నా కొట్టు పోతుంది,” అన్నాడాయన నెమ్మదిగా. “ఆ పెద్ద ఊళ్లో ఎవడి దగ్గరో కూలికి కూర్చోవాలి. వద్దంటే, రేపెప్పుడో నా వల్ల నువ్వు ఆగిపోయావని నాకే అనిపిస్తుంది. ఏది చెప్పినా నీ కాళ్లకి అడ్డం పడినట్టే. అడకత్తెరలో పోకచెక్కకి మాటెక్కణ్ణించి వస్తుంది?”

“ఆ మాటే చెప్పొచ్చుగా! మూడు రోజులు నన్ను గోడతో మాట్లాడించావ్.”

“తప్పే.”

“మరి కొట్టు? కొత్త ఇంటి నుంచి నువ్వు వంతెన దాటాలి.”

“దాటుతాను. వంతెన లేస్తే ఆగుతాను. వయొలిన్ ఎంతసేపైనా ఆగుతుంది. పసిపిల్ల ఆగదు కదా.”

ఆమెకి ఆ బల్ల చుట్టూ లేచిన చేతులన్నీ ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు అనిపించింది. జిగురు చేతుల్ని లెక్కచెయ్యకుండా పట్టుకుంది. తర్వాత ఆ చేతుల్ని విడదీయడానికి వేణ్ణీళ్లు కావలసి వచ్చాయి. దానిమీద అత్తగారు చాలాసేపు నవ్వింది.

మహానగరం ఆసుపత్రికి రెండు వాక్యాల జవాబు పంపేసి, ఆమె బావగారి కోసం చూసింది. ఇంత సందడిలోనూ ఆయన గొంతు వినపడలేదు. ఆయన వెనక వసారాలో, రేవు దీపాలు ఒక్కొక్కటిగా వెలగడం చూస్తూ నిలబడ్డారు.

“ఓడిపోయాననుకుంటున్నారా బావగారూ?” అంది నవ్వుతూ.

“నువ్వు గెలిచావమ్మాయ్. సంతోషంగా ఉంది. నిజంగా.” ఆయన వెనక్కి తిరగలేదు. “నాకు ఉద్యోగం పోయింది.”

ఆమె నవ్వు ఆగిపోయింది.

“కంపెనీ చితికిపోయింది. మమ్మల్ని పంపేశారు. నీ తోడికోడలు పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లింది నేను చెప్పినట్టు సెలవులకి కాదు. ఇల్లు నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. నీ జీతం ఒకటిన్నర రెట్లని చెప్పినప్పుడల్లా నా కళ్ల ముందు నా అద్దే కనపడింది. మీరొస్తే సగం మీరు కడతారు, ఇల్లు నిలబడుతుందనుకున్నాను. నీ కెరీరు అన్నాను, పేరు అన్నాను. అన్నీ అదే.”

ఆమెకి కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. ఈయన కాఫీ ఒలికించి మరీ వాదించిన ప్రతి మాటా వరసగా గుర్తొచ్చింది. కాని వార్డులో ఆమె నేర్చుకున్నది ఒకటుంది. ఏడుస్తున్న బిడ్డని మందలించేముందు నొప్పెక్కడో చూడాలి.

“మీ తమ్ముడికి చెప్పారా?”

“ఎవరికీ చెప్పలేదు. అమ్మకి అసలు చెప్పకు. పెద్దోడు మహానగరంలో వెలిగిపోతున్నాడని ఈ వీధి వీధంతా ఆవిడే చెప్పుకుంది...”

“ఏం గుసగుసలు?” అంటూ తలుపు తోసుకుని అత్తగారే వచ్చింది. ఆవిడ చేతిలో తన బట్టల సంచి ఉంది. మొహం వెలిగిపోతోంది.

“పెద్దోడా, రేపు నీతో నేనూ వస్తున్నా. వీళ్ల ఇంటి పైకప్పు బాగయ్యేదాకా నీ దగ్గరే మకాం. చిన్నోడి వైభోగం చూశాను, ఇక నీది కూడా ఓసారి కళ్లారా చూడొద్దూ?”

బావగారి చెయ్యి రెయిలింగుని గట్టిగా పట్టుకుంది. ఆయన మరదలివైపు చూశారు. చెప్పొద్దని ఆ కళ్లు బతిమాలుకుంటున్నాయి.

చిన్నడాక్టరు అత్తగారి చేతిలోంచి సంచి అందుకుని కింద పెట్టింది. వసారాలో ఉన్న ఒక్క కుర్చీనీ దగ్గరికి లాగింది.

“కూర్చోండి అత్తయ్యా. బావగారు మీతో ఒక మాట చెప్పాలి. నేనిక్కడే ఉంటాను.”